చప్టా దగ్గర ఆగిన బండ్లు



సూరత్ నుంచి తెల్లవారకముందే బయలుదేరి తూర్పు దిక్కుగా బార్డోలీ మీదుగా వ్యారా చేరితే, అంతదాకా రోడ్డుకు రెండు వైపులా కనిపించిన చెరకు తోటలు మెల్లగా పలచబడతాయి. వ్యారా దగ్గర దక్షిణానికి తిరిగాక నేల ఎగుడుదిగుడవుతుంది. టేకు చెట్లు మొదలవుతాయి. అవి దట్టమై, కొండలు దగ్గరికొచ్చి, తారు రోడ్డు సన్నగిల్లే చోటు నుంచి డాంగ్ జిల్లా. దాని కేంద్రం ఆహ్వా. సూరత్‌కు దాదాపు 140 కిలోమీటర్లు. సహ్యాద్రి కొండల ఉత్తరపు కొస ఇది. కాళ్ల కింద ఉన్నదంతా దక్కను పీఠభూమిని పరిచిన ఆ పాత లావా నల్లరాయే. పూర్ణా, అంబికా, ఖాప్రీ, గిరా నదులు ఈ కొండల్లోంచి దిగి పడమటికి, అరేబియా సముద్రం వైపు పారతాయి.

ఈ కొండల్లో మిత్రులతో కలిసి మోటారు సైకిళ్ల మీద తిరగడం గురించి ఇవాళ మీతో మాట్లాడాలనుకుంటున్నాను. తారు లేని దారుల్లో, రాళ్ల మీద, వాగుల్లోంచి సాగే ప్రయాణం గురించి.

ముందు మేమెవరమో చెప్పాలి. సూరత్‌లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారని మీకు తెలిసే ఉంటుంది. వరంగల్, కరీంనగర్, నల్గొండ వైపు నుంచి మరమగ్గాల పనికి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా లింబాయత్‌లో, ఉధ్నాలో స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. మా బృందం ఆ వీధుల్లోంచి పుట్టిందే. ఒకరు సాంచెల, అంటే మరమగ్గాల, మెకానిక్. ఒకరు బట్టల మార్కెట్‌లో లెక్కలు రాస్తారు. ఒకరు బడిపంతులు. వ్యారాలో పుట్టి పెరిగిన గుజరాతీ మిత్రుడొకరు దారి చూపుతారు. నేను బట్ట కమీషన్ వ్యాపారంలో ఉన్నాను.

మోటారు సైకిల్ యాత్ర అనగానే మన కుర్రవాళ్ల మనసు లడఖ్ మీదికి పోతుంది. లడఖ్ గొప్పదే, కాదనను. కానీ సాంచెల మీద పన్నెండు గంటల షిఫ్టు చేసేవాడికి పదిహేను రోజులు సెలవు ఎవరిస్తారు? బండిని రైలెక్కించి పంపే ఖర్చు ఎక్కడిది? వారానికొక సెలవు దినం, ట్యాంకు నిండా పెట్రోలు, వెనక సీటు మీద తాడుతో కట్టిన సంచి ఉంటే చేరుకోగల అడవి మూడు గంటల దూరంలో ఉంది. తెలుగు రాష్ట్రాల్లో వింటున్నవారికి మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే కొండలున్నాయి, అరకు చుట్టూ మన్యం ఉంది, నల్లమల ఉంది. ఇంటికి దగ్గరగా ఉన్న గరుకు నేలను ముందు తెలుసుకోవాలన్నది నా అభిప్రాయం. దాన్ని వర్షాకాలంలో, చలికాలంలో, టేకు ఆకులన్నీ రాలిపోయిన ఎండాకాలంలో మళ్లీ మళ్లీ చూడొచ్చు. ఒకే బాట మూడు కాలాల్లో మూడు బాటలుగా ఉంటుందని అప్పుడే తెలుస్తుంది.

బండి సంగతికి వద్దాం. ఒకప్పుడు మన ఊళ్లలో పాలక్యాన్లు కట్టుకుని పొలం గట్ల మీద తిరిగింది రాజ్‌దూత్. కొండదారుల కోసమే రూపొందిన చవక బండి మన దేశంలో పెద్ద సంస్థల నుంచి చాలా ఆలస్యంగా వచ్చింది. 2011లో హీరో ఇంపల్స్ వచ్చింది, ఎక్కువకాలం నిలవలేదు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ వచ్చాక మామూలు ఉద్యోగులు కూడా ఈ దారి పట్టారు. వచ్చినప్పుడు ఈ రెండింటికీ ముందు చక్రం 21 అంగుళాలు, నేలకూ ఇంజనుకూ మధ్య ఎడం 220 మిల్లీమీటర్లు. చిన్న చక్రం గుంటలో పడి ఆగిపోయే చోట పెద్ద చక్రం దాని మీదుగా దొర్లిపోతుంది. రాయి వస్తే ఇంజను అడుగు తగలకుండా దాటుతుంది. తేడా అంతే.

ఆ తేడాను మరీ పెద్దది చేసి చూడొద్దని డాంగ్ ప్రజలే మాకు నేర్పారు. మేము చెమటలు కక్కుతూ ఎక్కే మొరం బాటలో ఎదురుగా వంద సీసీ స్ప్లెండర్ మీద ఒకాయన దిగివస్తాడు. వెనక భార్య, మధ్యలో పిల్ల, ట్యాంకు మీద ధాన్యం మూట. ఇంజను శబ్దం పెరగదు, తగ్గదు. ఏ రాయికి ఎడమ పక్కగా పోవాలో, ఏ మలుపులో నీటి ఊట వల్ల జారుడు ఉంటుందో ఆయనకు తెలుసు. అది ఆయన సంతకు వెళ్లే దారి, ఆస్పత్రికి వెళ్లే దారి. మేము సాహసమనుకునేది ఆయనకు రోజువారీ పని. ఆ మనిషికి దారి ఇచ్చి పక్కకు ఆగడం దగ్గర మా చదువు మొదలైంది.

ఈ బాటలకు చరిత్ర ఉంది. డాంగ్ అడవి టేకు కోసం పేరు పొందింది. 1842లో బ్రిటిష్‌వారు ఇక్కడి భిల్లు రాజుల దగ్గర అడవిని కౌలుకు తీసుకున్నారు. గైక్వాడ్ పాలకులు 1913లో బిలిమోరా నుంచి వఘయీ దాకా 63 కిలోమీటర్ల చిన్న గేజి రైలుమార్గం వేయించింది కూడా ఈ అడవి కలపను దింపడానికే. గఢ్వీ, లింగా, వాసుర్ణా, దహేర్, పింప్రీ అనే అయిదు రాజ్యాల వారసులకు నేటికీ ప్రభుత్వం భరణం ఇస్తుంది. ఏటా హోళీకి ముందు ఆహ్వాలో జరిగే డాంగ్ దర్బారులో వారిని సత్కరించి ఆ భరణం అందజేస్తారు. 2011 జనగణన నాటికి జిల్లా జనాభా దాదాపు 2,28,000. అందులో నూటికి తొంభై నలుగురికి పైగా ఆదివాసీలే. భిల్లులు, కుంక్ణాలు, వార్లీలు, గామిత్‌లు. బయటివాళ్లు వచ్చి కలప తీసుకుపోయిన బాటల మీద ఇప్పుడు బయటివాళ్లం మేము బండ్లేసుకుని వెళుతున్నాం. ఆ సంగతి మనసులో ఉంటే హారన్ మీదికి వేలు తొందరగా పోదు.

ఈ కొండల్లోనే సుబీర్ దగ్గర శబరీధామ్ ఉంది. రాముడు శబరి ఎంగిలి పండ్లు తిన్నది ఇక్కడేనని ఇక్కడివారి విశ్వాసం. పంపా సరోవరం కూడా అక్కడే ఉందంటారు. భద్రాచలం దగ్గర శబరి నదిని చూసి పెరిగిన మనకు దండకారణ్యం ఇంత దూరం వ్యాపించి ఉండటం ఆనందంగానే ఉంటుంది.

బండి నడిపే పద్ధతి గురించి వివరంగా చెబుతాను. ఇది తెలియక దెబ్బలు తగిలించుకునేవాళ్లను చూస్తున్నాం.

రాళ్ల బాటలో సీటు మీద కూర్చుని నడపకూడదు. ఫుట్‌రెస్టుల మీద నిలబడాలి, మోకాళ్లతో ట్యాంకును పట్టుకోవాలి, మోచేతులు కాస్త వంచి వదులుగా ఉంచాలి. అప్పుడు కింద బండి తన మానాన ఊగుతుంది, మనిషి నిలకడగా ఉంటాడు. హ్యాండిల్‌ను బిగించి పట్టుకున్నవాడి ముంజేతులు అరగంటలో మొద్దుబారతాయి. చూపు చక్రం ముందు కాక, పదిహేను ఇరవై అడుగుల దూరంలో ఉండాలి. రాయిని తదేకంగా చూస్తే బండి ఆ రాయి మీదికే పోతుంది. తారు రోడ్డు మీద 30 పాయింట్ల దగ్గర ఉండే టైరు గాలిని మేము కంకర బాట రాగానే 20కి కాస్త పైన ఉండేలా తగ్గిస్తాం. టైరు కొంచెం వెడల్పై నేలను బాగా పట్టుకుంటుంది. ట్యూబ్ ఉన్న టైరులో అంతకన్నా తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి పంక్చర్ అవుతుంది. తిరిగి తారు ఎక్కేటప్పుడు గాలి నింపుకోవడానికి కాలి పంపు సంచిలో ఉండాల్సిందే. దిగుడులో మొదటి గేరో రెండో గేరో వేసి ఇంజను పట్టు మీదే దిగాలి. వదులు కంకరలో ముందు బ్రేకు గట్టిగా పట్టడమంటే పడిపోవడమే.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో మరో ప్రమాదం ఉంది. టేకు ఆకులు రాలి బాటంతా పరుచుకుంటాయి. ఒక్కో ఆకు చేటంత. ఆకు మీద ఆకు జారుతుంది. కింద ఏ రాయి ఉందో, ఏ గుంట ఉందో కనపడదు. ఆ రోజుల్లోనే ఇప్పపూలు రాలడం మొదలవుతుంది. తెల్లవారుజామున ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో చెట్ల కింద ఉంటారు. మలుపు తిరగగానే మనుషులు ఎదురవుతారు. అందుకే ఆ కాలంలో మేము పొద్దెక్కే దాకా అడవి బాటలోకి దిగం.

ఇక కలిసి నడవడం. లోయల్లో ఫోను పనిచేయదు. కాబట్టి నియమం ఒకటే. దారి చీలిన ప్రతిచోటా ముందున్నవాడు ఆగి, తన వెనకవాడు కంటపడేదాకా అక్కడే ఉండాలి. వాడు వచ్చి దారి చూశాకే కదలాలి. అందరికన్నా చివర వచ్చేవాడు అందరికన్నా అనుభవజ్ఞుడై ఉండాలి. పానాలు, అదనపు ట్యూబులు, క్లచ్ వైరు, మందుల పెట్టె అతని దగ్గర ఉంటాయి. ఎవరు పడ్డా, ఎవరి బండి ఆగినా అతను తప్పక వచ్చి చేరతాడు. ముందు నడిచేవాడికి పేరొస్తుందేమో కానీ, మా బృందంలో చివరి స్థానమే గౌరవమైనది. మా మెకానిక్ అన్న చాలాకాలంగా అక్కడే ఉన్నాడు. సాంచె మీద పేక తెగితే మగ్గం దానంతటదే ఆగిపోతుంది కదా, మనమూ అలాగే ఉండాలంటాడు. బండి పక్కకు పడి గేరు లీవరు వంగితే రాయి ఆనించి సరిచేస్తాడు. కొత్త క్లచ్ వైరును పాత వైరు పక్కనే ముందుగా లాగి కట్టి ఉంచుతాడు. పాతది తెగితే రెండు చివరలూ మార్చి తగిలిస్తే చాలు, అడవిలో ట్యాంకు విప్పే పని ఉండదు.

వర్షాకాలంలో మహాల్ వైపు వెళ్లినప్పుడు జరిగినది చెబుతాను. మహాల్ పూర్ణా అభయారణ్యంలో ఉంటుంది. దారిలో పూర్ణా నది మీద చప్టాలు తగులుతాయి. నదిమట్టానికి కాస్త పైగా వేసిన సిమెంటు దారులన్నమాట. మేము చేరేసరికి ఒక చప్టా మీద నీళ్లు మడమల లోతున పారుతున్నాయి. పైన వాన లేదు, ఆకాశం తెరిపిగా ఉంది. దాటేయవచ్చనిపించింది. అవతలి గట్టు మీద మేకల్ని తోలుకొస్తున్న ఒక పెద్దాయన చెయ్యెత్తి ఆగమన్నాడు. మేకల్ని గట్టు మీదే ఆపుకున్నాడు. మా గుజరాతీ మిత్రుడు, “ఏమైంది కాకా?” అని కేకేశాడు. “నీళ్ల రంగు చూడు భాయ్, పైన పడింది,” అన్నాడాయన.

చూశాం. అంతకుముందు పచ్చగా ఉన్న నీళ్లు ఇటుకరంగుకు తిరుగుతున్నాయి. వాటిలో ఎండుపుల్లలు, ఆకులు కొట్టుకొస్తున్నాయి. బండ్లు ఆపి, గట్టు పైదాకా తోసుకెళ్లి స్టాండు వేశాం. కాసేపట్లో చప్టా మాయమైంది. అది ఎక్కడుందో చెప్పే రాతి గుర్తులు కూడా మునిగిపోయాయి. ఒక టేకు దుంగ సుడి తిరుగుతూ మా కళ్ల ముందు నుంచి వెళ్లింది.

నీరు దిగేదాకా అక్కడే ఉన్నాం. పొద్దు వాలాక ముందు మేకలు దాటాయి, తర్వాత పెద్దాయన, ఆ తర్వాత మేము. ఇంజను ఆపి, ఒక్కో బండినీ ఇద్దరిద్దరం తోస్తూ దాటించాం. చప్టా మీద చేరిన బురద మీద టైరు నిలిచేది కాదు.

వాగు దాటడంలో ఆయన చూపిన పద్ధతినే ఇప్పుడు కొత్తవాళ్లకు చెబుతున్నాం. ముందు నడిచి దాటాలి. మోకాలి దాకా వస్తే బండి దించకూడదు. నీళ్ల రంగు మారితే, పుల్లలు ఆకులు కొట్టుకొస్తే, ఎంత తక్కువ లోతున్నా గట్టు ఎక్కాలి. ఏటా రెండు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడే కొండలివి. మనం నిలబడ్డ చోట ఎండ కాస్తున్నా ఎగువన కురిసిన వాన మన మీదికే వస్తుంది. నీళ్లలో ఇంజను ఆగిపోతే వెంటనే సెల్ఫ్ నొక్కకూడదు. లోపలికి నీరు పోయి ఉంటే ఇంజను దెబ్బతింటుంది. ప్లగ్ విప్పి, కిక్ కొట్టి నీళ్లు బయటికి పంపాకే స్టార్టు చేయాలి. సూరత్‌లో కూడా తాపీ నది మీద సింగణ్‌పోర్ దగ్గరి కాజ్‌వేను నీటిమట్టం 6 మీటర్లు దాటగానే మూసేస్తారు. ఊళ్లో గేటు వేయడానికి మనిషి ఉంటాడు. అడవిలో ఆ గేటు మనమే వేసుకోవాలి.

ఆగితే వెనకబడిపోతామని కుర్రవాళ్లు అనుకుంటారు. అలాంటివారికి నేను డాకర్ ర్యాలీ సంగతి చెబుతాను. ప్రపంచంలో ఇంతకన్నా కఠినమైన మోటారు సైకిల్ పోటీ లేదంటారు. 2015లో బెంగళూరు రైడర్ సి.ఎస్. సంతోష్ దాన్ని పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యాడు, 36వ స్థానంలో. 2016లో దక్షిణ అమెరికాలో జరిగిన డాకర్‌లో పోర్చుగల్ రైడర్ పావులో గొన్సాల్వెస్ ముందు వరుసలో ఉన్నాడు. ఏడో దశలో ఆస్ట్రియాకు చెందిన మతియాస్ వాల్క్నర్ పడిపోయి తొడ ఎముక విరగ్గొట్టుకుని దారి పక్కన ఉన్నాడు. గొన్సాల్వెస్ పోటీ వదిలి ఆగాడు, సాయం వచ్చేదాకా ఉన్నాడు. గాయపడినవారి కోసం ఆగినవారికి ఆ సమయాన్ని తిరిగి ఇవ్వాలన్నది డాకర్ నియమం. ఆ వాల్క్నర్ కోలుకుని 2018లో డాకర్ గెలిచాడు.

2020లో డాకర్ మొదటిసారి సౌదీ అరేబియాలో జరిగింది. అప్పటికి గొన్సాల్వెస్ మన దేశపు హీరో జట్టు తరఫున పోటీ చేస్తున్నాడు. జనవరి 12న, ఏడో దశలో ఇసుకలో పడిపోయాడు. వెనక వస్తున్న ఆస్ట్రేలియా రైడర్ టోబీ ప్రైస్, అంతకుముందు ఏడాది విజేత, ఆగి అతనికి సాయం చేయబోయాడు. గొన్సాల్వెస్ బతకలేదు. మర్నాటి మోటారు సైకిళ్ల దశను రద్దు చేశారు. ఈ కథ చెబుతున్నప్పుడు నాకిప్పటికీ గొంతు పట్టేస్తుంది. నిమిషాలతో గెలుపోటములు తేలే పోటీలో వాళ్లు ఆగారు. సెలవురోజు షికారుకొచ్చిన మనం ఆగలేమా?

సూరత్ మహిళలు ఈ విషయంలో మనకు ముందున్నారు. సారికా మెహతా స్థాపించిన ‘బైకింగ్ క్వీన్స్’ బృందం ఇక్కడిదే. ఆమె మరో ఇద్దరు మహిళలతో కలిసి 2019లో వారణాసి నుంచి లండన్ దాకా మోటారు సైకిళ్ల మీద 25 దేశాల యాత్ర చేసింది. ఆ వార్త వచ్చిన తర్వాతే మా పంతులుగారి కూతురు, “నాన్నా, నేనూ వస్తా,” అని పట్టుబట్టింది. మొదట వెనక సీటు మీద వచ్చింది. ఇప్పుడు తన బండి తానే నడుపుతోంది. దిగుడుల్లో ఆమె ఓపిక మా ఎవరికీ లేదు.

అడవి నియమాల గురించి ఒక మాట చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోవడం నేరం. పూర్ణా అభయారణ్యానికి, వాన్‌స్దా జాతీయ ఉద్యానవనానికి అటవీ శాఖ దగ్గర ముందుగా అడిగి వెళ్లాలి. వాన్‌స్దా చిన్నది, దాదాపు 24 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు వాన్‌స్దా మహారాజు సొంత అడవి. 1979లో జాతీయ ఉద్యానవనమైంది. అంత చిన్న అడవిలో ఒక్క సైలెన్సర్ విప్పిన బండి తిరిగితే ఆ మోత ఈ కొస నుంచి ఆ కొసకు వినిపిస్తుంది. సైలెన్సర్ మార్చినవాళ్లను మేము వెంట రానివ్వం. ఉన్న బాట వదిలి చెట్ల మధ్యకు, గడ్డినేల మీదికి బండి ఎక్కించేవాళ్లను మళ్లీ పిలవం. వాగు ఇసుకలో సరదాకు చక్రం తిప్పితే పోయేది కిందనున్న ఊరి తాగునీరు. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

తిండికి లోటుండదు. ‘నాహరి’ పేరుతో ఆదివాసీ మహిళా బృందాలు నడిపే భోజనశాలలున్నాయి. నాగలీ రొట్టె, మినప్పప్పు, వెదురు కొమ్ముల పచ్చడి పెడతారు. నాగలీ అంటే మా వైపు తైదలే, రాగులన్నమాట. మా మెకానిక్ అన్న వాళ్లమ్మ చేసే తైద రొట్టె గుర్తొచ్చి రెండో రొట్టె అడగకుండా ఉండలేడు. దారిలో కావలసినది ఏదైనా సూరత్ నుంచి మోసుకుపోకుండా ఆ ఊళ్లోనే కొనాలి. పెట్రోలు మాత్రం ఆహ్వాలోనో వఘయీలోనో నింపుకోండి.

కొత్తగా వెళ్లాలనుకునేవారు వానలు తగ్గాక, అక్టోబరు చివర్లో బయలుదేరండి. అప్పటికి చప్టాలు తేలి ఉంటాయి, బాట ఇంకా గట్టిపడుతూ ఉంటుంది, గిర్మాల్ జలపాతంలో నీళ్లుంటాయి. మొదటిసారి డోన్ గ్రామం దాకా చాలు. ఎత్తుగా, మహారాష్ట్ర సరిహద్దున ఉంటుంది. ముగ్గురికి తక్కువగా వెళ్లకండి, చీకటి పడ్డాక కొండ దిగకండి.

దీపావళికి సాంచెలు ఆగుతాయి కాబట్టి మేమందరం ఒకేసారి ఖాళీగా దొరికేది అప్పుడే. ఈసారి సోన్‌గఢ్‌లో కలుసుకుంటున్నాం. గైక్వాడ్‌ల తొలి రాజధాని అది, కోట ఇప్పటికీ కొండ మీద ఉంది. అక్కడి నుంచి ఉకాయ్ జలాశయం అంచు చూసుకుని, సుబీర్ మీదుగా ఆహ్వా చేరాలని అనుకున్నాం. పానాల సంచి ఈసారి పంతులుగారమ్మాయికి అప్పగిస్తానని, చివరి బండి ఆమెదేనని మెకానిక్ అన్న చెప్పేశాడు. ఆమె ప్రతి ఆదివారం ఉధ్నాలో ఆయన దగ్గర కూర్చుని ట్యూబు మార్చడం, వైరు తగిలించడం నేర్చుకుంటోంది.